కథామృతకారుడు మహేంద్రనాథ గుప్తుడు

శ్రీరామకృష్ణ కథామృతమును చదువని భక్తుడు అరుదు. దానిని వ్రాసినవాని చరిత్రము నెరిగినవారు మాత్రము కొలదిమందియే. ఆయనయే అట్లు కోరుకొనెను. గ్రంథముపై పూర్తి పేరైనను వేసికొనక ‘శ్రీ మ’ అని మాత్రము వేసికొనెను. గ్రంథములోపల సైతము ఒకచోట మాస్టరనియు, ఒకచోట మణి యనియు, మరియొకచోట మోహినీమోహనుడనియు, పెక్కుచోట్ల కేవలము ఒక భక్తుడనియు మారుపేర్లతో తిరుగాడుచుండును. ఇందువలన పాఠకులు ఆయనను గురుదేవుల సంభాషణల నెత్తి వ్రాసికొనిన లేఖకునిగా మాత్రమే తలచుట వాడుకయైనది. ఆ లేఖకుడు చిన్నతనముననే తల్లిని పోగొట్టుకొనినవాడు; ఒకప్పుడు ఇల్లు విడిచి మరణమును కోరినవాడు; కన్నకొడుకును చితికి అప్పగించినవాడు. కథామృతము ఎట్టి హృదయమునుండి వెలువడినదో గ్రహింపగోరువారు ఈ సంగతులను ఎరుగవలసియున్నది.

మహేంద్రనాథ గుప్తుడు 1854 వ సంవత్సరము జూలై 14 వ తేదీన, నాగపంచమినాడు, కలకత్తాలోని సిమూలియా పేటలో జన్మించెను. తండ్రి మధుసూదన గుప్తుడు, తల్లి స్వర్ణమయీదేవి. ఆయనకు నాలుగేండ్ల ప్రాయమున తల్లితో కూడ మాహేశ రథోత్సవమునకు పోయి, తిరుగుదారిలో దక్షిణేశ్వరమున దిగుట తటస్థించెను. రాణి రాసమణి కట్టించిన కాళికాలయము 1855 లో ప్రతిష్ఠింపబడినది. కావున అప్పటికి గోడల తెలుపు ఇంకను మాయలేదు. జనుల నడుమ బాలుడు తల్లికి దూరమై, ఆలయపు ముంగిట నిలిచి ఏడువసాగెను. ఎవరో దగ్గరకు వచ్చి ఓదార్చిరి. ఆ ఓదార్చినవారు అప్పుడచ్చట అర్చకులుగానున్న శ్రీరామకృష్ణులే యైయుందురని ఆయన పెద్దయైన పిమ్మట తలచెడివాడు. అది నిశ్చయముగా చెప్పదగిన విషయము కాదు. ఆయనయు నిశ్చయముగా చెప్పలేదు.

ఆ తల్లి ఆయన ఇంకను బాలుడుగా నుండగనే నిజముగా దూరమయ్యెను. ఆ లోటు ఆయన మనస్సున ఎంత లోతుగా దిగినదో, పిమ్మట జగన్మాత యను మాట వినినపుడెల్ల ఆయన కరగిపోవుటను బట్టి ఊహింపవచ్చును. చదువులో మాత్రము వెనుకబడలేదు. హేర్ పాఠశాలలోను, ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి, బి.ఏ. పరీక్షలో మూడవ స్థానము నందెను. పాశ్చాత్య తత్త్వశాస్త్రము, తర్కము, ఆంగ్ల సాహిత్యము, బైబిలు, కాళిదాసుని కావ్యములు – అన్నియు క్షుణ్ణముగా పఠించెను. విద్యార్థిగా నుండగనే నికుంజదేవితో వివాహమయ్యెను. ఆమె కేశవచంద్రసేనుని బంధువర్గములోనిది. ఆ సంబంధము వలనను, తన అభిరుచి వలనను బ్రాహ్మసమాజ ప్రార్థనలకు పోవుచు, కేశవుని వాక్కులకు ముగ్ధుడగుచుండెను. పదుమూడవ యేటనుండి దినచర్యను వ్రాసికొను అలవాటొకటి ఆయనకు కలదు. ఎవరికిని ప్రయోజనము లేనట్లు తోచెడి ఈ బాల్యపుటలవాటు పిమ్మట లోకమునకెంత యుపకరించినదో చెప్పనక్కరలేదు.

1882 నాటికి ఆయన ఈశ్వరచంద్ర విద్యాసాగరుని విద్యాసంస్థకు చెందిన శ్యామపుకూరు శాఖలో ప్రధానోపాధ్యాయుడు. పాండిత్యము కలదు, ఉద్యోగము కలదు, భార్యాబిడ్డలు కలరు. ఐనను ఉమ్మడి కుటుంబములోని కలతలు నానాటికి పెరిగి, సహింపరానివై, ఒకనాటి రాత్రి ఆయన భార్యను వెంటబెట్టుకొని ఇల్లు విడిచిపోయెను. ప్రాణములు తీసికొనవలెనను తలంపు ఆయన మనస్సున నుండెను. బరాహనగరములోని సోదరి యింటికి చేరి, మరునాడు మేనల్లుడగు సిద్ధేశ్వరునితో గంగ యొడ్డున తోటలను చూచుచు తిరుగుచుండగా, అచ్చటికి సమీపముననే రాసమణి తోటలో ఒక పరమహంస యున్నాడని ఆ యువకుడు చెప్పెను. అది ఫిబ్రవరి మాసము, ఆదివారము, సాయంసమయము.

గది వాకిట నిలిచి లోనికి చూడగా, మందిరమునిండ జనులు నిశ్శబ్దముగా కూర్చుండి వినుచుండిరి; శ్రీరామకృష్ణులు మంచముపై కూర్చుండి భగవత్కథ చెప్పుచుండిరి. సాక్షాత్తు శుకదేవుడు భాగవతమును వినిపించుచున్నట్లు తనకు తోచెనని మహేంద్రనాథుడు వ్రాసికొనెను. తెలుగువానికి ఈ పోలికను విడమరచి చెప్పనక్కరలేదు. పోతన్న భాగవతము పఠింపబడిన ఇండ్లలో పరీక్షిత్తు కథను ఎరుగనివారుండరు. ఏడుదినములలో మరణము తప్పదని తెలిసికొని గంగాతీరమున ప్రాయోపవేశము చేసిన రాజు, మృత్యువును తప్పించు మార్గమును అడుగలేదు. మరణింపబోవువాడు వినదగినదేదియని అడిగెను. దానికి బదులుగా శుకుడు కథ చెప్పెను. బ్రతుకుపై ఆశ వదలుకొని గంగయొడ్డునకు వచ్చిన ఈ ఉపాధ్యాయునకు తొలిచూపుననే శుకుడు స్ఫురించుట కేవలము కవితాలంకారము కాదని నా అభిప్రాయము. అప్పటికి తన స్థితి పరీక్షిత్తు స్థితికి దూరమైనది కాదు.

రెండవ దర్శనమున ఆయన పాండిత్యము కొంత దెబ్బతినెను. మట్టిబొమ్మను పూజించువారికి అది దేవుడు కాదని తెలియజెప్పవలెనని ఆయన వాదింపగా, లోకమునకు బోధించు భారమును ఎవరు నెత్తిన పెట్టిరని గురుదేవులు నిలదీసిరి. ఎవరి కడుపునకు ఏది సరిపడునో ఎరిగి వండి పెట్టు తల్లివలె, భగవంతుడు వారివారికి తగిన ఆరాధనను ఏర్పరచెనని వారు వివరించిరి. తాను మరల వాదమునకు దిగలేదని మహేంద్రనాథుడు వ్రాసినాడు. తర్కమున ఆరితేరిన మనస్సు ఒక తల్లి వంటయింటి ఉపమానమునకు లొంగెను. ఆనాటినుండి చావు తలంపు ఆయనను మరల బాధించినట్లు కనబడదు. ఇంటి కలతలు తొలగలేదు. ఆయన ఆ యింటికే తిరిగి పోయెను.

సన్న్యసింపవలెనను కోరిక ఆయనకు కలుగకపోలేదు. గురుదేవులు అంగీకరింపలేదు. భాగవతమును చెప్పు పండితుని జగన్మాత ఒక్క బంధముతో సంసారమున కట్టి ఉంచుననియు, లేనియెడల భాగవతము చెప్పువారెవరనియు వారి భావము. కావున ఆదివారములందును, సెలవులందును దక్షిణేశ్వరమునకు పోవుట, వినుట, ఇంటికి వచ్చి రాత్రి కొలది మాటలలో గుర్తులు వ్రాసికొనుట ఆయన సాధనయయ్యెను. తిథి, వారము, కూర్చుండినవారు, వెలుతురు, గంగ పోటుపాటులు, పాడిన పాటలు – ఇవన్నియు ఆ గుర్తులలో నుండును. ఒక్కొక్క దినపు సంభాషణను నెమరు వేయుచు పూర్తి చేయుటకు పలుదినములు పట్టుటయు కలదు.

ఆ దినములలోనే ఆయన పెద్దకుమారుడు, ఎనిమిదేండ్ల బాలుడు, మరణించెను. ఆ బిడ్డ గురుదేవులను పలుమారులు చూచినవాడే. నికుంజదేవి శోకముచే పిచ్చిదానివలె నయ్యెను.

ఇచ్చట ఒక విషయమును కొంత ఆగి చెప్పవలసియున్నది. గురుదేవులు చెప్పిన కథలలో సేద్యగాని కథ సుప్రసిద్ధము. హారూ అను ఒక్కగానొక్క కొడుకు విషూచిచే చనిపోగా, జ్ఞానియగు ఆ సేద్యగాడు కన్నీరు పెట్టడు. భార్య నిందింపగా, నిన్నటి రాత్రి కలలో తాను రాజునై పెక్కుమంది కుమారులను కంటిననియు, మేల్కొనగా వారెవరును లేరనియు, ఇప్పుడు వారికొరకు ఏడువవలెనో, ఈ హారూ కొరకు ఏడువవలెనో తెలియకున్నదనియు చెప్పును. ఈ కథను మన పురాణ కాలక్షేపములలోను, ఉపన్యాసములలోను తరచుగా వినుచుందుము. కొందరు దీనిని మరణము సంభవించిన ఇంటికి పోయి, ఇంకను కన్నీరారని తల్లికి చెప్పుటయు నేనెరుగుదును. కథ గొప్పదే. కాని దానిని చెప్పిన గురుదేవులే జ్ఞానివలె జగత్తును కలయని తోసివేయక, జాగ్రదావస్థను, స్వప్నమును, తురీయమును – అన్నిటిని తాము అంగీకరింతుమని వెంటనే చెప్పిరి. ఈ రెండవ మాటను వదలి మొదటి దానినే చెప్పినచో ఆ కథ కఠినమగును.

గురుదేవులకు పుత్రశోకము వంటిది తెలియనిది కాదు. అన్న రామకుమారుని కొడుకగు అక్షయుడు దక్షిణేశ్వరమున జ్వరముచే మరణించినపుడు, ఒరనుండి కత్తి దూసినట్లు ప్రాణము పోవుటను వారు దగ్గర నిలిచి చూచి, ఆనందముతో పాడిరి. మరునాడు వరండాలో నిలువబడియుండగా, తడిగుడ్డను పిండినట్లు హృదయము మెలివడినది. ఒంటిమీది బట్టతోనే సంబంధము లేని తనకిట్లుండగా, సంసారుల గతి యేమి కాగలదని వారప్పుడు విచారించిరి. మణిమోహన మల్లికు అను భక్తుడు కొడుకును దహనము చేసి తిన్నగా దక్షిణేశ్వరమునకు వచ్చినపుడు, వారు ముందు మృత్యువును ఎదిరించు వీరభావము గల పాటను పాడి, పిమ్మట అతని చెంత కూర్చుండి ఈ అక్షయుని సంగతినే చెప్పిరని శారదానందస్వామివారు లీలాప్రసంగమున వ్రాసినారు. అచ్చట చెప్పబడినది తన దుఃఖపు కథ. దానిని వినియే ఆ వృద్ధుడు తేరుకొనెను.

ఇక నికుంజదేవి విషయము. 1886 ఏప్రిలు 24 వ తేదీన మహేంద్రనాథుడు, గురుదేవుల కోరిక మేరకు, భార్యను, ఏడేండ్ల కుమారుని ఒకనిని వెంటబెట్టుకొని కాశీపూరు తోటకు పోయెను. గురుదేవులు కంఠవ్యాధితో శయ్యను పట్టియుండిరి, మాట్లాడుటయే కష్టము. ఆనాడు పలుమారులు ఆమెకు తమ సేవ చేయు అవకాశమిచ్చిరి. రాత్రి శ్రీశారదాదేవి భోజనము పెట్టుటకు రాగా, నికుంజదేవి దీపము పట్టుకొని వెంట వచ్చెను. గురుదేవులు ఆమె ఇంటి సంగతులను ఒక్కొక్కటిగా ఆప్యాయముతో అడిగిరి. మరల వచ్చి కొన్ని దినములు మాతృదేవితో ఉండుమనియు, చంటిపిల్లను తీసికొనివచ్చుట మరువవలదనియు చెప్పిరి. భోజనమైన పిమ్మట పాత్రలను ఆమెయే తీసెను. ఆ పుటలో ఆమెకు తత్త్వోపదేశము చేసినట్లు ఒక్క వాక్యమును లేదు. సేద్యగాని ప్రసంగము లేదు. తొమ్మిదిగంటల వేళ గురుదేవులు తమ మెడలోని పూలమాలను తీసి మహేంద్రనాథునకు ఇచ్చిరి.

కాలక్రమమున కూర్చబడిన ఆంగ్లానువాదమున గురుదేవుల జీవితకాలమునకు చెందిన కడపటి దినము ఇదియే. అనువాదకుని పనిలో నున్నవారికి ఈ పుట కడు చిక్కైనది. మాటలు మిక్కిలి సులభములు. ఒక్క విశేషణమును ఎక్కువ వేసినచో చెడిపోవును. చనిపోయినది తన కుమారుడే, దీపము పట్టినది తన భార్యయే. ఐనను మహేంద్రనాథుడు ఎవరో ఒక గృహస్థుని సంగతివలె దానిని కొలది వాక్యములలో ముగించినాడు. ఇట్టి నిగ్రహము దుఃఖము లేనివానికి రాదు.

ఆగస్టు 16 వ తేదీన గురుదేవులు మహాసమాధి నందిరి. ఆ మాసాంతమున శ్రీశారదాదేవి తీర్థయాత్రకు బయలుదేరి బృందావనము చేరినపుడు వెంట నున్న స్త్రీలలో నికుంజదేవియు ఒకతె. పతిని పోగొట్టుకొనిన ఆమెయు, కొడుకును పోగొట్టుకొనిన ఈమెయు గోపికలు కృష్ణునికై వెదకిన ఆ భూమిలో కలిసి వసించిరి.

ఇక్కడ మహేంద్రనాథుని పరిస్థితి చక్కగా లేదు. గురుదేవుల వ్యాధికాలమున ఆయన అచ్చటికి తరచుగా పోవుట వలన విద్యార్థుల పరీక్షాఫలితములు తగ్గినవని విద్యాసాగరుడు వ్యాఖ్యానింపగా, ఆయన ఉద్యోగమును విడిచెను. ఆ చేసిన పని సరియైనదేయని గురుదేవులు నొక్కి చెప్పిరట. వేరు పాఠశాలలలో పని దొరకినది. జీతములో కొంత మాతృదేవి పోషణకును, కొంత బరాహనగర మఠములోని యువసన్న్యాసులకును పంపుచుండెను. ఆ మఠములో కూడు గుడ్డలు లేక, గురువియోగముచే తపించుచున్న నరేంద్రాదులను దర్శించుటకు పోయి, 1887 నాటి వారి దినములను సైతము వ్రాసియుంచెను. గురుదేవుల పిమ్మట ఆయనకు మిగిలినది ఆ దినచర్య పుస్తకములు మాత్రమే. తెరచి, ఒక దినమును తీసికొని, దానిని ధ్యానించి, ఆ గదిని, ఆ మంచమును, ఆ ముఖమును మరల కన్నుల ఎదుట నిలుపుకొనుచుండెను. తలచుకొనుట ఆయనకు ఉపాసనయయ్యెను.

ఆ వ్రాతలను అచ్చువేయవలెనను త్వర ఆయనకు లేదు. 1888 లో బేలూరునందలి నీలాంబర ముఖర్జీ తోటయింటిలో శ్రీశారదాదేవికి వానిని చదివి వినిపింపగా, ఆమె సంతసించి ఆశీర్వదించెను. 1897 లో ఆంగ్లమున చిన్న పుస్తకములుగా కొంత వెలువడినపుడు, వివేకానందస్వామి ఆయనకు లేఖ వ్రాసి, సోక్రటీసు సంభాషణలలో ప్లేటోయే నిండియుండగా, ఇందులో గ్రంథకర్త పూర్తిగా మరుగుపడియున్నాడని మెచ్చుకొనిరి. వంగభాషలో మొదటి సంపుటమును 1902 లో త్రిగుణాతీతానందస్వామివారు ప్రకటించిరి. నాలుగవది 1910 లో వచ్చినది. తరువాత ఇరువది రెండేండ్లకు గాని ఐదవది రాలేదు.

ఆ పేరును ఆయన ఎందుండి తీసికొనెనో గమనింపదగును. భాగవత దశమస్కంధమున రాసక్రీడ నడుమ కృష్ణుడు అంతర్హితుడు కాగా, గోపికలు యమునాతటమున కూర్చుండి విలపించుచు, ఆతని కథయే తపించు జీవులకు అమృతమని పాడుదురు. కథామృతమను మాట ఆ విరహగీతము లోనిది. ఆ శ్లోకమునే ఆయన గ్రంథారంభమున ఉంచెను. కృష్ణుడు ఎదుట నుండగా గోపికలకు కథతో పనిలేదు. ఆతడు కనబడనపుడే దాని అవసరము కలిగెను.

పిమ్మట ఆయన మోర్టన్ విద్యాలయమును కొని, ఆమ్‌హర్స్టు వీథిలోని 50 వ నంబరు భవనమున నడపెను. ఊరివారందరకు ఆయన మాస్టరు మహాశయుడు. ఆ భవనపు పై అంతస్తులో ఆయన గది, మేడపై తులసికుండలు, సాయంకాలమునకు విద్యార్థులు, గుమాస్తాలు, వైద్యులు, సన్న్యాసులు వచ్చి చేరెడివారు. ఏ ప్రశ్న వేసినను ఆయన సమాధానము గురుదేవుల ఒక మాటతోనో, ఒక కథతోనో మొదలగును. తన అభిప్రాయమని వేరుగా చెప్పుట అరుదు. నిత్యాత్మానందస్వామి ఆ సంభాషణలను వ్రాసికొని పదునారు సంపుటములుగా ప్రకటించెను; గురువు సంభాషణలను వ్రాసినవానికి మరియొక లేఖకుడు దొరకెను.

అచ్చటికి వచ్చినవారిలో ముకుందలాల్ ఘోష్ అను యువకుడొకడు. పిమ్మట యోగానంద పరమహంసగా ప్రసిద్ధుడైనవాడతడే. ఆ భవనమున పూర్వము అతని కుటుంబము నివసించినది. అతని తల్లి మరణించినది అందులోనే. అదే మేడలో మాస్టరు మహాశయుడు జగన్మాతతో బిడ్డ తల్లితో మాట్లాడునట్లు మాట్లాడుటను చూచి ఆ యువకుడు పరవశుడై, ఆ సంగతిని తన ఆత్మకథలో విస్తరించి వ్రాసెను. బాల్యమున తల్లిని పోగొట్టుకొనిన ఇద్దరికి అచ్చట పొత్తు కుదిరినది.

ఇల్లు, విద్యాలయము, పేరు ఉండగా, ఒక్కొక్కనాటి అర్ధరాత్రి ఆయన లేచిపోయి, విశ్వవిద్యాలయపు సెనేట్ హాలు వరండాలో ఇల్లులేని దీనుల నడుమ పండుకొనెడివాడు. తనకును ఈ లోకమున ఇల్లు లేదను భావమును మనస్సునకు పట్టించుటకట్లు చేసెడివాడట. దీనిని కొందరు వింతగా చెప్పుకొందురు. ఒకప్పుడు నిజముగనే రాత్రివేళ ఇల్లు విడిచి వీథిలో పడినవానికి ఆ స్థితిని మరువకుండుట సాధనయే. అప్పటి వీథి ఆయనను చావునొద్దకు తీసికొనిపోవుచుండెను. ఈ వరండాలో ఆయనకు నిద్ర పట్టుచుండెను.

వార్ధక్యమున చేతినరముల బాధ ఆయనను మిక్కిలి పీడించెను. ఐనను ఐదవ సంపుటపు పని ఆపలేదు. 1932 జూన్ 3 వ తేదీ ఫలహారిణీ కాళీపూజ రాత్రి. ఆనాడు ఆ సంపుటపు అచ్చుప్రతులను దిద్దుట ముగించెను. తెల్లవారుజామున బాధ హెచ్చెను. గురుదేవుని, జగన్మాతను పేరుపెట్టి పిలిచి, తన్ను ఒడిలోనికి తీసికొమ్మని వేడుచు, 4 వ తేదీ ఉదయమున, డెబ్బది యెనిమిదవ యేట, ఆయన దేహమును విడిచెను. కాశీపూరు శ్మశానఘట్టమున, గురుదేవుల దేహము దహింపబడిన చోటికి సమీపముననే అంత్యక్రియలు జరిగినవి. ఐదవ సంపుటము ఆ సంవత్సరముననే వెలువడెను.